వానొస్తే టీవీ ఎందుకు ఆగిపోతుంది?

ఆకాశం నుంచి మన డిష్ దాకా సిగ్నల్ పడే పాట్లు.. ఝరాసంగం నుంచి షాద్‌నగర్ దాకా!

మ్యాచ్ ఆఖరి ఓవర్‌కొచ్చింది. ఆరు బంతులు, పది పరుగులు. సరిగ్గా అప్పుడే మబ్బు కమ్ముకొచ్చి గట్టి వాన పడిందా.. అంతే! బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయి, తెర మీద ‘నో సిగ్నల్’ అని పడుతుంది. డిష్ ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన బాధే ఇది. మరి అదే వానలో ఫోన్‌లో మ్యాప్ పనిచేస్తుంది. జీపీఎస్ కూడా ఉపగ్రహం నుంచే కదా వచ్చేది? అదే వానలో ఎఫ్ఎం రేడియో కూడా హాయిగా పాడుతుంది. ఒక్క డిష్‌కే ఏమైంది?

దీనికి జవాబు ‘మాడ్యులేషన్’ అనే మాటలో ఉంది. ఇంజినీరింగ్ పిల్లలకు పరీక్షల ముందు మాత్రమే గుర్తొచ్చే మాట ఇది. కానీ రేపు పల్లెల్లోకి ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చినప్పుడు, వానలో అది బతుకుతుందా లేదా అన్నది తేల్చే వాటిలో ఇదొకటి.

మాచ్నూర్ రేడియోకు వాన అడ్డు కాదు

సంగారెడ్డి జిల్లా ఝరాసంగం అనగానే చాలామందికి కేతకీ సంగమేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. రేడియో సంగతులు తెలిసినవాళ్లకు మాత్రం ఆ మండలంలోని మాచ్నూర్ గుర్తొస్తుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ‘సంగం రేడియో’ ఉన్నది అక్కడే. 1990ల చివరికే స్టూడియో సిద్ధమైనా లైసెన్స్ దొరకలేదు. దాదాపు పదేళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వెళ్లింది. మైకు ముందు, మిషన్ల దగ్గర పల్లె దళిత మహిళలే!

ఈ రేడియో చేసే పని చాలా సింపుల్. ఒక రేడియో తరంగం ఉంటుంది. మాట్లాడే గొంతు పైకీ కిందికీ కదిలిన కొద్దీ ఆ తరంగం ఫ్రీక్వెన్సీ కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వినేవాళ్ల సెట్టు ఆ తేడాని పట్టుకుని మళ్లీ గొంతుగా మారుస్తుంది. మాటను తరంగం మీదకి ఎక్కించే ఈ పనినే మాడ్యులేషన్ అంటారు. ఎఫ్ఎంలో ‘ఎం’ అదే.

ఈ తరంగం పొడవు 3 మీటర్ల పైనే. వాన చినుకు సైజు కొన్ని మిల్లీమీటర్లు. ఏనుగు కాళ్ల కింద చీమలా, చినుకులు ఆ తరంగాన్ని ఏమీ చేయలేవు. పైగా అది పోవాల్సిన దూరం 25 కిలోమీటర్లకు అటూ ఇటూగా అంతే. డిష్ కథ అలా కాదు. డీటీహెచ్ వాడే ‘కేయూ బ్యాండ్’ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. చినుకులు దాన్ని మింగేస్తాయి, చెదరగొడతాయి. అది వచ్చే దూరం చూస్తే ఇంకా గుండె గుభేల్మంటుంది.

లక్ష కోట్లలో ఒక వంతు

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమితో పాటే తిరుగుతాయి కాబట్టి కింద నుంచి చూస్తే కదలకుండా ఒకేచోట ఉన్నట్టుంటాయి. డీడీ ఫ్రీడిష్ చానెళ్లు వచ్చే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గరుంది. అందుకే జహీరాబాద్ వైపు ఇళ్ల మీద ఫ్రీడిష్ గొడుగులన్నీ ఆగ్నేయం వైపు తిరిగి ఆకాశంలోకి చూస్తుంటాయి.

ఉపగ్రహానికి కరెంటు సోలార్ పలకల నుంచే రావాలి. ఒక్కో ట్రాన్స్‌పాండర్ పంపే శక్తి వంద వాట్ల లెక్కల్లో ఉంటుంది. పాతకాలం బల్బులు ఒకట్రెండు అనుకోండి. ఆ వెలుతురు దేశమంతా పరుచుకోవాలి. 36 వేల కిలోమీటర్లు దిగొచ్చి, 60 సెంటీమీటర్ల డిష్‌లో పడేది ఎంతో తెలుసా? సుమారుగా ఒక వాట్‌లో లక్ష కోట్ల వంతు! ఆ చుక్కంత శక్తిలోంచే వందల చానెళ్లు పుట్టాలి.

ఇదే దూరం నుంచి మన పల్లెలకు టీవీ రావడం 1975లోనే మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ‘సైట్’ ప్రయోగం చేసింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు నేరుగా టీవీ వచ్చింది. అప్పుడు వాడిన యాంటెన్నా పది అడుగుల వెడల్పున్న జాలీ గొడుగు. కోళ్ల ఫారాలకు కట్టే జాలీయే! అంత పెద్ద గొడుగుతో ఒకే ఒక్క చానెల్. ఇవాళ రెండడుగుల డిష్‌తో వందల చానెళ్లు. ఉపగ్రహాల బలం పెరగడం, ఫ్రీక్వెన్సీ మారడం ఒక కారణం. సిగ్నల్ డిజిటల్ కావడం ఇంకో పెద్ద కారణం.

గుట్ట మీంచి చూసే బతుకమ్మ

డిజిటల్ అంటే సున్నాలు, ఒకట్లు. వాటిని తరంగం మీద ఎలా ఎక్కిస్తారు? ఒక చిన్న ఊహ చేద్దాం.

రాత్రి పూట మైదానంలో నలుగురు అమ్మాయిలు బతుకమ్మ చుట్టూ నిలబడ్డట్టు వలయంగా నిలబడ్డారు. మీరు దూరంగా గుట్ట మీదున్నారు. ఒక్కో క్షణంలో నలుగురిలో ఒక్కరే ఫోన్ టార్చ్ వెలిగిస్తారు. ముందే మాట్లాడుకున్నారు: ఉత్తరాన వెలిగితే 00, తూర్పున 01, దక్షిణాన 11, పడమర 10. ఎవరు వెలిగించారో చూసి మీరు రెండేసి అంకెలు రాసుకుంటూ పోతారు. దీని పేరే ‘క్యూపీఎస్కే’. నిజం సిగ్నల్‌లో ఆ నాలుగు చోట్లూ తరంగం మొదలయ్యే నాలుగు వేర్వేరు దశలు, అంటే ఫేజ్‌లు. టార్చ్ ఒక్కసారి వెలగడాన్ని ‘సింబల్’ అంటారు.

వేగం పెంచాలంటే? ఎనిమిది మందిని నిలబెట్టండి. ఇప్పుడు ఒక్కో వెలుగుకి మూడు అంకెలు వస్తాయి. ఇది ‘8పీఎస్కే’. బాగానే ఉంది కానీ, మంచు పట్టిందనుకోండి. నలుగురే ఉంటే మంచులోనూ ఏ దిక్కున వెలిగిందో పోల్చుకోవచ్చు. ఎనిమిది మంది దగ్గర దగ్గరగా ఉంటే పక్కపక్కవాళ్ల మధ్య తికమక. ఆ మంచే ఇంజినీర్ల భాషలో ‘నాయిస్’.

అసలు బేరం ఇక్కడే ఉంది. ఇవాళ వాడే డీవీబీ-ఎస్2 ప్రమాణంలో, ఒకే రకం రక్షణతో క్యూపీఎస్కే నుంచి 8పీఎస్కేకి మారితే డేటా ఒకటిన్నర రెట్లు అవుతుంది. దానికి సిగ్నల్ బలం మాత్రం దాదాపు రెండున్నర రెట్లు కావాలి. ఊరికే ఏదీ రాదు!

చదరం కాదు, వలయాలే ఎందుకు?

మీ ఫోన్ 4జీ, 5జీల్లో, వైఫైలో ఈ చుక్కల్ని చదరంగా పేరుస్తారు. చదరంగం బల్లలా వరసలు వరసలుగా. దాన్ని ‘క్వామ్’ అంటారు. టవర్ దగ్గరగా ఉంటుంది, కరెంటుకు కొదవ లేదు కాబట్టి అక్కడ అది చెల్లుతుంది.

ఉపగ్రహంలో ఇబ్బంది ఏంటంటే, దానిలోని యాంప్లిఫయర్‌ని దాదాపు దాని చివరి హద్దు దాకా వాడుకోవాలి. లేకపోతే విలువైన కరెంటు వృథా. హద్దు దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ యాంప్లిఫయర్ పెద్ద సిగ్నల్‌ని నలిపేస్తుంది. మన మైదానం చుట్టూ గుండ్రంగా ప్రహరీ ఉందనుకోండి. చదరంగా నిలబడితే నాలుగు మూలలవాళ్లూ ప్రహరీకి గుద్దుకుంటారు, మధ్యలో బోలెడు చోటు ఖాళీ. వలయాలుగా నిలబడితే ఆ బాధ తక్కువ.

అందుకే ఉపగ్రహాల కోసం ‘ఏపీఎస్కే’ తెచ్చారు. 16ఏపీఎస్కేలో లోపలి వలయంలో 4, బయటి వలయంలో 12 చుక్కలు. 32ఏపీఎస్కేలో 4, 12, 16.. మూడు వలయాలు. ఆడబిడ్డలు ఎక్కువైతే బతుకమ్మ చుట్టూ వలయం బయట ఇంకో వలయం కట్టరూ? అచ్చం అలాగే!

చిరిగిన కిరాణా చిట్టీ

ఎంత జాగ్రత్తగా చూసినా మంచులో కొన్ని అంకెలు తప్పు రాసుకుంటాం. వాటిని దిద్దుకునేదెలా? కిరాణా కొట్టు చిట్టీ తడిసిందనుకోండి. బియ్యం 60, పప్పు దగ్గర చెరిగిపోయింది, నూనె 140, మొత్తం 330. పప్పు ఎంతో చెప్పలేమా? 130. ‘మొత్తం’ అనే ఒక్క అంకె అదనంగా రాసినందుకు పోయిన అంకె తిరిగొచ్చింది.

ఉపగ్రహ సిగ్నల్‌లో ఇలాంటి ‘మొత్తాలు’ వేలల్లో ఉంటాయి. ఒక్కో మొత్తం కొన్ని అంకెల మీదే కాపలా కాస్తుంది. ఒక్కో అంకె మీద రెండు మూడు మొత్తాలు కన్నేసి ఉంచుతాయి. ఒకటి దిద్దితే దాని సాయంతో ఇంకోటి దిద్దొచ్చు. దీని పేరు ‘ఎల్డీపీసీ’. రాబర్ట్ గాలగర్ అనే పరిశోధకుడు 1960లో అమెరికాలోని ఎంఐటీలో తన డాక్టరేట్ కోసం కనిపెట్టాడు. అప్పటి కంప్యూటర్లకు ఆ లెక్కలు మోయడం కష్టం. దాంతో దాదాపు మూడు దశాబ్దాలు అటకెక్కింది. 1990ల్లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. 2005లో ఖరారైన డీవీబీ-ఎస్2లో గుండెకాయ అదే. పాత డీవీబీ-ఎస్‌తో పోలిస్తే అంతే చోటులో, అంతే బలంతో దాదాపు 30 శాతం ఎక్కువ డేటా పడుతుంది.

ఈ అదనపు అంకెల్ని ఎన్ని వేయాలో కూడా మన చేతుల్లోనే ఉంది. ఒక మామూలు ట్రాన్స్‌పాండర్ తీసుకుందాం. వెడల్పు 36 మెగాహెర్ట్జ్, సెకనుకి 3 కోట్ల సింబల్స్. రెండు చివర్లూ చూడండి:

• క్యూపీఎస్కే, నాలుగింట ఒక వంతే అసలు డేటా, మిగతాదంతా రక్షణ: సెకనుకి సుమారు 15 మెగాబిట్లు. నాయిస్ సిగ్నల్ కంటే ఒకటిన్నర రెట్లకు మించి ఉన్నా చదవొచ్చు!

• 32ఏపీఎస్కే, పదింట తొమ్మిది వంతులు డేటా: సెకనుకి సుమారు 134 మెగాబిట్లు. కానీ సిగ్నల్ నాయిస్ కంటే 40 రెట్లు ఉండాలి.

రోడ్డు ఒక్కటే, వెడల్పు అంతే. వేగం తేడా తొమ్మిది రెట్లు. ఏది ఎంచుకోవాలన్నది ఆకాశం ఎలా ఉందో చూసి చెప్పాలి.

మరి డిష్ ఎందుకు చూసుకోదు?

పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెర మీద చీమలు పాకేవి. బొమ్మ మసకైనా, ఎవరు ఆడుతున్నారో తెలిసేది. డిజిటల్‌లో ఆ మధ్య దశ దాదాపు లేదు. దిద్దుకోగలిగినంత వరకూ అద్దంలా ఉంటుంది. ఆ గీత దాటిందా, ఒక్కసారిగా పడిపోతుంది. గట్టి వాన సిగ్నల్‌ని సగానికో, అంతకన్నా కిందికో లాగేస్తుంది. పైగా ఆ వాన కూడా సొంతంగా కాస్త నాయిస్ కలుపుతుంది.

వాన పడుతోంది కాబట్టి కాసేపు నలుగురితోనే ఆడదాం అని ఉపగ్రహానికి చెప్పొచ్చు కదా? డీటీహెచ్‌లో చెప్పలేం. అది ఒకవైపు దారి. మీ డిష్‌కి చెవులే ఉన్నాయి, నోరు లేదు. ఝరాసంగంలో వాన పడుతున్న సంగతి పైకి తెలీదు. తెలిసినా, అదే సిగ్నల్‌ని ఎండలో ఉన్న జైపూర్ కూడా చూస్తోంది. ఒక్క మండలం కోసం దేశమంతటికీ చానెళ్లు తగ్గించలేరు కదా. అందుకే అందరికీ కలిపి ఒకటే సర్దుబాటు, కాస్త వాన తట్టుకునేలా. అంతకు మించి కురిస్తే ‘నో సిగ్నల్’.

రెండువైపులా మాట్లాడే ఉపగ్రహ లింకులు వేరు. కొన్ని బ్యాంకు ఏటీఎంల మీద, మారుమూల ఆఫీసుల మీద కనిపించే వీశాట్ డిష్‌లలో చాలావాటికి ఈ తెలివి ఉంటుంది. ‘నాకిక్కడ సిగ్నల్ ఇంతే వస్తోంది’ అని డిష్ ఎప్పటికప్పుడు తిరిగి చెబుతుంది. అటువైపు కేంద్రం ఆ ఒక్క డిష్‌కి పంపే ముక్కల వరకే 8పీఎస్కే నుంచి క్యూపీఎస్కేకి దిగుతుంది. వేగం తగ్గుతుంది, లింకు తెగదు. వాన వెలిశాక మళ్లీ పైకి. దీన్నే ‘అడాప్టివ్ కోడింగ్ అండ్ మాడ్యులేషన్’ అంటారు. ఘాట్ రోడ్డులో డ్రైవర్ గేర్లు మార్చినట్టు!

షాద్‌నగర్‌లో పది నిమిషాల హడావిడి

ఇంకో రకం ఆట మన హైదరాబాద్ పక్కనే జరుగుతుంది. షాద్‌నగర్‌లో 1979లోనే ఉపగ్రహ చిత్రాలు అందుకునే కేంద్రం పెట్టారు. ఇప్పుడది నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ చేతిలో ఉంది. పంటల లెక్క, చెరువుల్లో నీళ్లు, వరద ముంపు.. ఇలాంటివి చూసే రిసోర్స్‌శాట్-2 లాంటి ఉపగ్రహాల బొమ్మలు దిగేది అక్కడే.

ఇవి 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉండవు. రిసోర్స్‌శాట్ ఎత్తు 817 కిలోమీటర్లే. దగ్గరే కానీ ఆగదు. తలమీదుగా దూసుకుపోతుంది. ఒక్కో చుట్టులో పది నిమిషాలకు అటూ ఇటూగా మాత్రమే అందుతుంది. ఆలోపే తీసిన బొమ్మలన్నీ దించేయాలి. సెకనుకి 105 మెగాబిట్ల చొప్పున రెండు ధారలు, క్యూపీఎస్కేలో. లెక్క వేస్తే పది నిమిషాలకు 16 జీబీకి దగ్గర. జహీరాబాద్ చుట్టుపక్కల చెరకు, కంది చేలు పై నుంచి ఎలా కనిపిస్తున్నాయో ఆ ధారలోనే ఉంటుంది. కెమెరా ఎంత గొప్పదైనా, దించే దారి ఇరుకైతే బొమ్మలు పైనే మిగిలిపోతాయి.

నిదానమే ప్రధానం

ఇప్పుడు మొదట్లో అడిగిన జీపీఎస్ సంగతి. మీ ఫోన్‌లో మ్యాప్ నడిపించే ఆ సిగ్నల్ డేటా వేగం ఎంతో ఊహించండి. సెకనుకి 50 బిట్లు! మెగాబిట్లు కాదు, ఉత్త 50. మన నావిక్‌లో అయితే మామూలు సిగ్నల్ వేగం సెకనుకి 25 బిట్లే. వలయంలో ఇద్దరే నిలబడే ‘బీపీఎస్కే’ పద్ధతి అది. ఎదురెదురుగా ఇద్దరు, ఒక్కో వెలుగుకి ఒకటే అంకె. పైగా ఆ ఒక్కో అంకెను వేల ముక్కలుగా పరిచి పంపుతారు. అందుకే డిష్ అక్కర్లేదు, జేబులో ఫోన్‌లో దాగిన బుల్లి యాంటెన్నా చాలు. దాని తరంగం పొడవు కూడా డీటీహెచ్ కంటే చాలా ఎక్కువ. అందుకే వానను లెక్కచేయదు.

1977లో బయల్దేరిన వాయేజర్-1 ఇప్పుడు 2,500 కోట్ల కిలోమీటర్లకు పైగా అవతలుంది. అది కూడా సెకనుకి 160 బిట్ల లాంటి నత్తనడకతోనే ఇంకా మాట్లాడుతోంది. వేగం తగ్గించుకున్నందుకే అంత దూరం నుంచి వినిపిస్తోంది.

‘సమర్థమైన మాడ్యులేషన్’ అంటే అన్నిటికన్నా ఎక్కువ బిట్లు కుక్కడం అనుకుంటాం. ఎంత శక్తి ఉంది, ఎంత చోటుంది, మాట అటువైపు చేరిందా.. ఈ మూడూ కలిపి చూస్తేనే సమర్థత.

మీ ఇంట్లోనే చూడొచ్చు

నమ్మకం కలగకపోతే మీ సెట్‌టాప్ బాక్స్ మెనూలో సిగ్నల్ పేజీ తెరవండి. కొన్ని బాక్సుల్లో ‘సింబల్ రేట్’ అని 29500 లాంటి అంకె కనిపిస్తుంది. అంటే సెకనుకి 2 కోట్ల 95 లక్షల వెలుగులు! ‘ఎఫ్ఈసీ 3/4’ అని ఉంటే, నాలుగు వంతుల్లో మూడు డేటా, ఒకటి కిరాణా చిట్టీ మొత్తం.

అక్కడే ‘స్ట్రెంత్’, ‘క్వాలిటీ’ అని రెండు గీతలుంటాయి. స్ట్రెంత్ నిండుగా ఉన్నా బొమ్మ రాకపోవచ్చు, ఎందుకంటే అందులో నాయిస్ బలం కూడా కలిసే ఉంటుంది. చూడాల్సింది క్వాలిటీని. ఎండ రోజున ఆ గీత ఎంత పైకుంటే, వాన రోజున అంత ఊపిరి మిగులుతుంది. చినుకు పడితేనే ఆగిపోతోందంటే డిష్ కాస్త పక్కకు తిరిగి ఉండొచ్చు, లేదా వైరు కనెక్టర్‌లో తడి చేరి ఉండొచ్చు. అవి సరిచేయించుకోండి. కుండపోతకు మాత్రం మందు లేదు.

రేపటి గొడుగు ఎవరికి?

ఇప్పుడు ఉపగ్రహ ఇంటర్నెట్ వంతు. 2024 నవంబరులో మన జీశాట్-ఎన్2 అమెరికా నుంచి స్పేస్‌ఎక్స్ రాకెట్ మీద వెళ్లింది. 32 బీమ్‌లు, మొత్తం సెకనుకి 48 గిగాబిట్ల సామర్థ్యం. స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో మన టెలికాం శాఖ లైసెన్స్ ఇచ్చింది. దాని ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి మాట వెంటనే చేరుతుంది. కానీ జీశాట్-ఎన్2 వాడే ‘కేఏ బ్యాండ్’ తరంగం ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. వానంటే దానికి కేయూ బ్యాండ్ కంటే ఎక్కువ భయం. అక్కడ గేర్లు మార్చే మాడ్యులేషన్ సోకు కాదు, ప్రాణావసరం.

పల్లెల వైపు నుంచి చూస్తే అసలు ప్రశ్న ఇక్కడుంది. ప్రకటనల్లో చెప్పే వేగం ఎండ కాసే రోజుది. రైతుకు సిగ్నల్ కావాల్సింది మాత్రం మబ్బు పట్టిన రోజున. పిడుగు హెచ్చరిక, వాగు పొంగిందన్న కబురు, ఆస్పత్రికి చేయాల్సిన కాల్.. ఇవన్నీ వానతో కలిసే వస్తాయి. కాబట్టి కనెక్షన్ తీసుకునేటప్పుడు ‘ఎన్ని ఎంబీపీఎస్?’ తోపాటు ‘గట్టి వానలో ఎంతకు దిగుతుంది? అసలు నిలబడుతుందా?’ అని కూడా అడగాలి. పంచాయతీకో, బడికో, దవాఖానాకో ప్రభుత్వం కొనేటప్పుడైతే ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

ఒక హెచ్చరికకు కావాల్సింది కొన్ని వందల బిట్లే. అది ఉపగ్రహం నుంచి నిదానంగానైనా మండలంలో ఒక్క చోటికి చేరితే చాలు. అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు, తెలిసిన గొంతుతో, తెలిసిన యాసలో చేరవేయడానికి మాచ్నూర్ లాంటి చోట చినుకులకు చలించని 3 మీటర్ల తరంగం ఎలాగూ ఉంది. 36 వేల కిలోమీటర్ల టెక్నాలజీ, 25 కిలోమీటర్ల టెక్నాలజీ ఒకదానికొకటి పోటీ కాదు. వాన రోజున రెండూ చేయి కలపాల్సిందే.